ఫసాడిజం: ముందుగోడ నిలిపి వెనుక కొత్తగా కట్టడం

పాత భవనంలో వీధివైపు ముఖభాగాన్ని మాత్రం నిలిపి, దాని వెనుకనున్న గదులు, అంతస్తులు, పైకప్పు తీసేసి, ఆ జాగాలో కొత్త భవనం కట్టే పద్ధతికి ఫసాడిజం అని పేరు. నగరం నడిబొడ్డున నేల ధర భవనం ధరను ఎన్నో రెట్లు మించిపోయి, అదే సమయంలో చట్టమో జనాభిప్రాయమో పూర్తి కూల్చివేతకు అడ్డుపడిన చోట ఇది పుడుతుంది. యజమానికి అదనపు అంతస్తులు దక్కుతాయి. వీధిలో నడిచేవారికి కళ్లకు అలవాటైన రూపం మిగులుతుంది. ఇది వారసత్వ సంరక్షణా, లేక సంరక్షణ పేరుతో జరిగే కూల్చివేతా అన్న వాదన యూరప్, అమెరికా నగరాల్లో దశాబ్దాలుగా నడుస్తోంది.

ఆ వాదనకు ఒక్క మాటలో తీర్పు చెప్పడం కుదరదు. పాత భవనాన్ని ఎంత లోతు వరకు ఉంచారు, కొత్త అంతస్తులు పాత కిటికీలతో కలిశాయా, ఆ ముందుగోడకూ దాని వెనుక బతుకుతున్నవారికీ ఏమైనా సంబంధం ఉందా అన్న మూడు విషయాలను బట్టి ఒక్కో కట్టడం మంచిచెడ్డలు తేలతాయి. ముందుగది లోతు వరకైనా పాత గోడలు, నేల, మెట్లు ఉంచిన పనికీ, ముప్పాతిక గజం మందం గోడను ఒక్కదాన్నే ఇనుప చట్రానికి తగిలించిన పనికీ చాలా దూరం ఉంది. రెండింటినీ ఒకే పేరుతో పిలవడం వల్లే చర్చ తరచూ దారి తప్పుతోంది.

గోడ ముందు, ఇల్లు తర్వాత

ముఖభాగాన్ని భవనం నుంచి విడదీసి ఆలోచించడం నిన్నమొన్నటి బిల్డర్లతో మొదలు కాలేదు. పద్నాలుగో లూయీ కాలంలో జూల్ ఆర్దువాఁ మాన్సార్ పారిస్‌లో ప్లాస్ వాండోమ్‌ను రూపొందించినప్పుడు చౌరస్తా చుట్టూ ఒకే తీరు ముఖభాగాలు ముందు లేచాయి. వాటి వెనుక జాగా కొనుక్కున్నవారు ఇళ్లు తర్వాత కట్టుకున్నారు. ఇంగ్లండ్‌లోని బాత్ నగరంలో 1767–1774 మధ్య జాన్ వుడ్ (చిన్నవాడు) రాయల్ క్రెసెంట్ నిర్మించాడు. చంద్రవంక ఆకారంలో 30 ఇళ్ల వరస అది. కొన్నవారికి ముఖభాగంలో కొంత వెడల్పు దక్కేది. ఆ వెనుక ఎవరికి నచ్చిన వాస్తుశిల్పితో వాళ్లు ఇల్లు కట్టించుకునేవారు. ముందు నుంచి చూస్తే ఒకే రాజభవనంలా నిలిచే ఆ వరస, వెనుక వీధి నుంచి చూస్తే ఎత్తు ఒకటి కాదు, లోతు ఒకటి కాదు.

అయితే వీటిని నేటి ఫసాడిజానికి పూర్వరూపాలుగా చూపి దాన్ని సమర్థించడం సరికాదు. అక్కడ గోడా ఇల్లూ ఒకే కాలంలో, ఒకే అవసరం కోసం వచ్చాయి. కిటికీ ఎక్కడుంటే దాని వెనుక గది అక్కడే ఉంది. వెలుతురు కోసం పెట్టిన కిటికీ వెలుతురే ఇచ్చింది.

బ్రస్సెల్స్ కథ వేరు. 1958 ప్రపంచ ప్రదర్శన సందర్భంగానూ, ఆ తర్వాతి ఏళ్లలోనూ ఆ నగరం పాతపేటలను రోడ్లకూ ఆఫీసు టవర్లకూ ధారాళంగా అప్పగించింది. విక్టర్ ఓర్టా రూపొందించిన కార్మిక పార్టీ భవనం మేజోఁ ద్యు ప్యూప్ల్, ఆర్ట్ నూవో శైలికి తలమానికమైనది, 1965లో నేలమట్టమైంది. అడ్డూ అదుపూ లేని కూల్చివేతకు నగర ప్రణాళికల భాషలో ఆ ఊరి పేరే స్థిరపడింది: బ్రస్సెలైజేషన్. దాని మీద వచ్చిన ప్రజాగ్రహానికి భవన వ్యాపారం కనిపెట్టిన జవాబుల్లో ముఖభాగం మిగల్చడం ఒకటి. లోపలంతా పోయినా వీధి మొహం మారలేదు కాబట్టి అనుమతులు తేలికయ్యాయి.

చట్టం ఎటు చూస్తే అదే మిగులుతుంది

ఎక్కడ ఎంత మిగులుతుందన్నది చాలావరకు చట్టం రాత మీద ఆధారపడుతుంది. బ్రిటన్‌లో జాబితాకెక్కిన భవనానికి లోపలా బయటా రక్షణ ఉంటుంది. 1967 చట్టంతో వచ్చిన సంరక్షిత ప్రాంతాలలో మాత్రం దృష్టి పేట మొత్తం రూపం మీద ఉంటుంది. జాబితాలో లేని భవనం అలాంటి ప్రాంతంలో ఉంటే వీధికి కనిపించే భాగం కాపాడితే చాలునన్న ఒప్పందం సులువుగా కుదిరిపోతుంది. న్యూయార్క్‌లో 1963లో పెన్సిల్వేనియా స్టేషన్ కూల్చివేత మొదలయ్యాక వచ్చిన 1965 చట్టం భవనాల బయటి రూపాన్నే కాపాడింది. లోపలి భాగాలను విడిగా గుర్తించే వీలు 1973లో వచ్చింది, అదీ ప్రజలు అడుగుపెట్టే చోట్లకే. బయటి రూపానికి మాత్రమే గుర్తింపు ఉంటే లోపల ఖాళీ చేయడం చట్టబద్ధమే. ఫసాడిజాన్ని తిట్టేవారు బిల్డర్ల మీద చూపే కోపంలో సగమైనా ఈ చట్టాల రాత మీద చూపితే మేలు.

గోడను నిలబెట్టే విద్య

ఈ పద్ధతిలో నిస్సందేహంగా మెచ్చుకోవలసింది ఇంజనీరింగ్. పాతకాలపు ఇటుక లేదా రాతి గోడ తన బరువును తాను మోయగలదు కానీ గాలి తోపుకు ఒంటరిగా నిలవలేదు. దాన్ని పట్టి ఉంచేవి వెనుకనున్న అడ్డగోడలు, దూలాలు, అంతస్తులు. వాటిని తీస్తే అది పేకముక్కలా నిలిచిన పలక. 2013 జూన్‌లో ఫిలడెల్ఫియాలో ఒక కూల్చివేత స్థలంలో ఊత లేకుండా వదిలేసిన గోడ పక్కనున్న దుకాణం మీద పడి ప్రాణాలు తీసింది. అది ముఖభాగం నిలిపే పని కాదు, మామూలు కూల్చివేత. అయినా ఆసరా లేని గోడ ఎంత ప్రమాదమో ఆ ఘటన చూపుతుంది.

అందుకే ముందు గోడను పరీక్షిస్తారు. ఇటుకల మధ్య సున్నం ఎంత గట్టిగా ఉంది, లోపల ఇనుప దూలాల కొనలు తుప్పు పట్టాయా, ముందుగోడ అడ్డగోడలతో నిజంగా కలిసి ఉందా, పాత పగుళ్లు ఎక్కడున్నాయి అని చూసి, ప్రతి పగులునూ కొలిచి రాసుకుంటారు. తర్వాత తాత్కాలిక ఉక్కు చట్రం లేస్తుంది. వీధి వైపు జాగా దొరికితే ఫుట్‌పాత్ మీద, లేకపోతే లోపలి వైపు. గోడకు ఇరువైపులా అడ్డంగా ఉక్కు దూలాలు పెట్టి, కిటికీ కంతల గుండా వాటిని ఒకదానికొకటి బిగిస్తారు. రాతికి ఉక్కు నేరుగా తగలకుండా మధ్యలో చెక్క దిమ్మెలు ఇరికిస్తారు. చట్రం తిరగబడకుండా దాని అడుగున పెద్ద పెద్ద కాంక్రీటు దిమ్మెల బరువు వేస్తారు. వీధి మీద నిలిచిన చట్రం కింద పాదచారులకు నడవా వదులుతారు. ఇదంతా అయ్యాకే కూల్చివేత. అదీ పై అంతస్తు నుంచి కిందికి, ఒక్కో స్థాయిలో గోడకు కొత్త ఆసరా అందిందని తేలాక, దూలాలను గోడ దగ్గర లాగకుండా కోసి తీస్తారు.

అసలు పరీక్ష పునాది దగ్గర మొదలవుతుంది. కొత్త భవనానికి రెండు మూడు సెల్లార్లు కావాలి, పాత గోడ పునాది మాత్రం మనిషి లోతు కూడా ఉండకపోవచ్చు. గోడ కింద నేలను చిన్న చిన్న ముక్కలుగా, పక్కపక్కవి ఒకేసారి కాకుండా తవ్వి, ఒక్కో ముక్కలో కాంక్రీటు నింపి, అది గట్టిపడ్డాక తర్వాతి ముక్కకు వెళతారు. ఈ కాలమంతా గోడ మీద అతికించిన గుర్తులను సర్వే పరికరాలు రోజూ చూస్తుంటాయి. కొన్ని మిల్లీమీటర్లు వాలినా పని ఆగిపోతుంది.

కొత్త భవనం లేచిన తర్వాత పాత గోడను దానికి కట్టాలి. ఇక్కడొక సూక్ష్మం ఉంది. పాత గోడ కుంగవలసినంత వందేళ్ల కిందటే కుంగింది. కొత్త భవనం ఇంకా కుంగబోతోంది. రెండింటినీ గట్టిగా బిగిస్తే కొత్తది పాతదాన్ని కిందికి లాగి చీలుస్తుంది. కాబట్టి ముందుకూ వెనక్కూ కదలనివ్వకుండా, పైకీ కిందికీ మాత్రం కొద్దిగా జారనిచ్చే కట్లు వాడతారు.

ఆ తర్వాత తేమ సమస్య. సున్నంతో కట్టిన గోడ తేమను పీల్చి వదులుతుంది. వెనుక కొత్త గోడ, దాని మీద ఇన్సులేషన్ వస్తే, లోపలి వేడి తగలక పాత గోడ ఇదివరకంత ఎండదు. సందుల్లో సున్నానికి బదులు సిమెంటు పూస్తే తేమ బయటికి పోయే దారి మూసుకుని, రాయే పొలుసులుగా రాలుతుంది. గోడను నిలబెట్టడానికి అంత ఖర్చుపెట్టినవారు ఈ చివరి దశలో పది బస్తాల సిమెంటుతో దాన్ని పాడుచేసుకోవడం విచారకరం.

అంతస్తుల ఎత్తు కుదరకపోవడం అన్నిటికంటే మొండి సమస్య. పాత భవనాల గదులు ఎత్తయినవి. కొత్త ఆఫీసు లేదా హాస్టల్ అదే ఎత్తులో ఎక్కువ అంతస్తులు కోరుకుంటుంది. దాంతో కొత్త స్లాబు పాత కిటికీ మధ్యలోంచి పోతుంది. స్లాబు అంచును గోడకు వెనక్కి జరిపి ఆపడం, ముందు వరస గదులకు పాత ఎత్తే ఉంచడం అన్నవి మంచి పరిష్కారాలు. నల్ల అద్దం బిగించి కిటికీ వెనుకనున్న స్లాబును దాచడం చెడ్డది. ఎక్కువగా కనిపించేది ఈ చెడ్డ పద్ధతే.

హర్‌స్ట్ టవర్, కాలెడోనియన్ రోడ్డు

ఈ పద్ధతి ఎంత ఎత్తుకు పోగలదో, ఎంత దిగజారగలదో చూపడానికి రెండు భవనాలు చాలు. న్యూయార్క్‌లో ఎనిమిదో అవెన్యూ మీద విలియం రాండాల్ఫ్ హర్‌స్ట్ తన పత్రికా సంస్థ కోసం కట్టించిన ఆరంతస్తుల భవనం 1928లో పూర్తయింది. వాస్తుశిల్పి జోసెఫ్ అర్బన్ దాన్ని మీదికి రాబోయే ఎత్తయిన భవనానికి పీఠంగానే రూపొందించాడు. ఆర్థిక మాంద్యం వచ్చి టవర్ ఆగిపోయింది. 1988లో ఆ ఆరంతస్తులకు నగరం రక్షిత హోదా ఇచ్చింది. 2006లో నార్మన్ ఫోస్టర్ సంస్థ దాని మీద 46 అంతస్తుల, 182 మీటర్ల టవర్ పూర్తి చేసింది. పాత అంతస్తులన్నీ తీసేశారు, ముందుగోడలు మాత్రమే మిగిలాయి. వాటి వెనుక కొత్త అంతస్తులు దూర్చలేదు. ఆరంతస్తుల ఎత్తున్న ఒకే సావడిని వదిలి, టవర్‌ను ఆ సావడి పైనుంచి మొదలుపెట్టారు. పాత గోడకూ కొత్త టవర్‌కూ మధ్య అద్దపు పైకప్పు ఉంది, అక్కడినుంచి వెలుతురు లోపలికి దిగుతుంది. త్రిభుజాల అల్లికతో కట్టిన ఉక్కు చట్రం మామూలు చట్రం కంటే సుమారు 20 శాతం తక్కువ ఉక్కుతో నిలిచింది. కొత్తది పాతదాన్ని అనుకరించలేదు, దాచిపెట్టలేదు కూడా. లోపలి భాగాలు పోవడం నష్టమే. అయినా ఆ కిటికీలు ఇవాళ నిజంగా ఒక గదిలోకి తెరుచుకుంటాయి, అర్బన్ ఊహించిన టవరూ దాదాపు ఎనభై ఏళ్ల తర్వాత ఆ పీఠం మీదికి వచ్చింది.

లండన్‌లో 465 కాలెడోనియన్ రోడ్డులోని పాత గిడ్డంగి ముఖభాగం వెనుక యూనివర్సిటీ కాలేజ్ లండన్ విద్యార్థుల హాస్టల్ వచ్చింది. కొత్త కట్టడం పాత ఇటుక గోడకు కాస్త వెనుక నిలిచింది. పాత గోడ కిటికీలు ఒక వరసలో, హాస్టల్ గదుల కిటికీలు వేరే వరసలో. కొన్ని గదుల్లో విద్యార్థి కిటికీ తెరిస్తే ఎదురుగా కనిపించేది ఇటుక గోడ వెనుక భాగం. స్థానిక కౌన్సిల్ ఈ ప్లానును తిరస్కరించింది, అప్పీలులో ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్ అనుమతించాడు. బిల్డింగ్ డిజైన్ పత్రిక అప్పట్లో ఏటా అత్యంత చెడ్డ భవనానికి ఇస్తూ వచ్చిన కార్బంకల్ కప్ 2013లో దీనికే దక్కింది. లోపలివాళ్ల వెలుతురు తీసుకుని బయటివాళ్లకు ఇచ్చిన గోడను వారసత్వమని పిలవడం కష్టం.

తూర్పు లండన్‌లో స్పిటల్‌ఫీల్డ్స్ ఫ్రూట్ అండ్ వూల్ ఎక్స్ఛేంజ్ విషయంలోనూ స్థానిక కౌన్సిల్ కాదన్నదాన్ని 2012లో అప్పటి లండన్ మేయర్ బోరిస్ జాన్సన్ పక్కన పెట్టాడు. 1929 నాటి ఆ వేలం భవనం ముందుభాగం మిగిలింది, వెనుక ఆఫీసులొచ్చాయి. స్థానిక చిన్న వ్యాపారాలు ఎన్నో అక్కడి నుంచి వెళ్లిపోయాయి. గోడల లెక్కలో పడి మనం ఎక్కువగా మరచిపోయేది ఈ మనుషుల లెక్కనే.

ముఖభాగాన్ని భవనం నుంచి పూర్తిగా విడదీసి విడిగా నిలపడం మరో దారి. టొరంటోలో 1845 నాటి కమర్షియల్ బ్యాంక్ ముఖభాగం రాళ్లను విప్పి, శాంటియాగో కలత్రావా రూపొందించిన గాజు కప్పు నడవాలో మళ్లీ కూర్చారు. ఆ నడవా 1992లో పూర్తయింది. ఫిలడెల్ఫియాలో 1838 నాటి ఈజిప్టు శైలి బీమా కంపెనీ ముఖభాగాన్ని 1970లలో వచ్చిన పెన్ మ్యూచువల్ టవర్ ముందు తెరలా నిలిపారు. అది భవనమని ఎవరూ నమ్మించే ప్రయత్నం చేయలేదు. మ్యూజియంలో శిల్పాన్ని చూసినట్టు చూడవచ్చు. ఆ నిజాయితీ వల్ల ఇవి కాలెడోనియన్ రోడ్డు గోడ కంటే మెరుగు.

అభ్యంతరాలు, ప్రత్యామ్నాయాలు

అంతర్జాతీయ సంరక్షణ రంగం మొదటినుంచీ ఫసాడిజాన్ని అనుమానంగానే చూసింది. 1964 వెనిస్ పత్రం ప్రకారం పాత కట్టడాన్ని కొత్త అవసరానికి వాడుకోవచ్చు కానీ దాని లోపలి అమరికను, అలంకరణను మార్చకూడదు. 1999 జనవరిలో పారిస్‌లో కట్టడాల సంరక్షణకు పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఇకోమోస్ ఫసాడిజం మీదే ఒక అంతర్జాతీయ సదస్సు పెట్టింది. ఇటీవల పర్యావరణ వాదన కూడా తోడైంది. భవన నిర్మాణంలో ఖర్చైన శక్తి, దాంతో వెలువడిన కార్బన్ ఎక్కువగా పునాదుల్లో, స్తంభాల్లో, అంతస్తుల్లో ఉంటాయి. వాటిని పగలగొట్టి ముందుగోడను మిగిలిస్తే కాపాడింది కొంచెమే.

మరి యజమాని నష్టం మాటేమిటి? దీనికి న్యూయార్క్ ఒక దారి చూపింది. గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ మీద టవర్ కట్టడానికి 1968లో మార్సెల్ బ్రాయర్ ప్లాన్లు గీశాడు. మొదటిదానిలో ముఖభాగం నిలిచి, దాని నెత్తిన 55 అంతస్తులు లేస్తాయి. నగరం ఒప్పుకోలేదు. 1978లో అమెరికా సుప్రీంకోర్టు నగరం పక్షానే తీర్పిచ్చింది. పాత కట్టడం మీద వాడుకోలేని నిర్మాణ హక్కును దగ్గరి జాగాలకు బదిలీ చేసుకునే అవకాశం ఉండడం ఆ తీర్పులో ముఖ్యాంశం. మనవాళ్లు టీడీఆర్ అంటున్నది దీన్నే. భవనం మొత్తం నిలవాలంటే బిల్డర్‌కు వేరేచోట అంతస్తులు దొరకాలి. ముందుగోడ రాజీకి ఇదే సరైన ప్రత్యామ్నాయం.

సింగపూర్ మరో దారి పట్టింది. 1989 నుంచి చైనాటౌన్, లిటిల్ ఇండియా, బోట్ కీ వంటి పేటలను సంరక్షిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఇవాళ రక్షణలో ఉన్న భవనాలు ఏడు వేలకు పైనే. దుకాణపు ఇళ్లలో ముందుభాగం ఒక్కటే సరిపోదు, పక్కింటితో పంచుకున్న గోడలు, చెక్క అంతస్తులు, మెట్లు, మధ్యలోని గాలిబావి, పెంకు కప్పు కూడా ఉండాలన్నది నిబంధన. పేటకు వ్యాపార ధరలు వచ్చి పాత నివాసులు వెళ్లిపోయారన్న విమర్శ ఉంది. అయినా ఇల్లు ఇల్లుగా మిగిలింది.

భారతదేశంలో, హైదరాబాద్‌లో

మన దేశంలో నగర వారసత్వ నిబంధనలు మొదట ముంబయిలో 1995లో వచ్చాయి. భవనాలను మూడు గ్రేడులుగా విభజించి, గ్రేడును బట్టి లోపలి మార్పులకు అవకాశమిచ్చారు. యజమానులకు టీడీఆర్ ఇవ్వవచ్చన్నారు. కలకత్తాలో గ్రేట్ ఈస్టర్న్ హోటల్ పాత ముఖభాగంతో, వెనుక కొత్త హంగులతో 2013లో తిరిగి తెరుచుకుంది. అమృత్‌సర్‌లో ఇందుకు పూర్తి విరుద్ధమైన పని జరిగింది. టౌన్‌హాల్ నుంచి స్వర్ణదేవాలయం దాకా ఉన్న బజారుకు 2016లో ఒకే తీరు కొత్త ముఖభాగాలు తొడిగారు. వాటి వెనుకే దుకాణాల అసలు మొహాలు ఉండిపోయాయి.

హైదరాబాద్‌కు వీధి మొహాన్ని ఒక్కటిగా తీర్చిన సొంత అనుభవం ఉంది. 1908 మూసీ వరద తర్వాత ఏర్పడిన నగరాభివృద్ధి మండలి మదీనా కూడలి నుంచి చార్‌కమాన్ వైపు పత్తర్‌గట్టి బజారును రాతి కమానుల వరసగా కట్టించింది. కింద దుకాణాలు, పైన నివాసాలు. బోర్డులు, ఏసీ పెట్టెలు, కేబుళ్లు ఆ రాతిని కప్పేస్తే, చార్మినార్ పాదచారుల ప్రాజెక్టులో భాగంగా దాన్ని మళ్లీ బయటికి తీసే పని జరిగింది. ఇక్కడ ముఖభాగాన్ని కాపాడడంలో అర్థముంది, ఎందుకంటే ఆ రాతి వరసను మొదట్లోనే వీధికోసం, వీధివైపు చూసి గీశారు.

చట్టం సంగతి అంత నిలకడగా లేదు. 1995లో జోనింగ్ నిబంధనల్లో చేర్చిన 13వ నిబంధన కింద నగరంలోని వారసత్వ కట్టడాల జాబితాకు రక్షణ ఉండేది. 2015లో దాన్ని తొలగించారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. కొత్త శాసనసభ భవనం కోసం ఇర్రం మంజిల్ ప్యాలెస్‌ను కూల్చాలన్న నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది. సచివాలయంలోని సైఫాబాద్ ప్యాలెస్, అంటే జి బ్లాక్, 2020లో కూలింది.

ముంబయి, లండన్ నమూనాలను తెలుగు ఊళ్లకు తెచ్చుకునే ముందు ఒక తేడా గుర్తించాలి. విక్టోరియన్ బజారు భవనం తన సంపదంతా వీధికి చూపిస్తుంది. పాతబస్తీలో నవాబులు, జాగీర్దార్ల ఇల్లైన దేవిడీ అలా కాదు. వీధివైపు ఎత్తయిన మొండి గోడ, ఒక కమాను, అంతే. దాని అందం లోపలి సహన్‌లో (నడిమి ముంగిలిలో), చుట్టూ ఉన్న దాలాన్లలో (వసారాలలో), చెక్కిన చెక్క స్తంభాల్లో ఉంటుంది. గోదావరి జిల్లాల మండువా లోగిలిలోనూ వీధికి కనిపించేది అరుగు, స్తంభాలు, పెంకు. ఇంటి ప్రాణం నడుమ వానా వెన్నెలా దిగే మండువాలో ఉంది. ఇలాంటి ఇళ్ల దగ్గర ముందుగోడను నిలిపి వెనుక అపార్టుమెంటు కడితే, కాపాడవలసిన దానిలో అతి తక్కువ విలువైన ముక్కనే కాపాడినట్టు. వారసత్వ జాబితాలో ఒక్కో ఇంటి పేరు, గ్రేడు రాస్తే చాలదు. మండువా, సహన్, మెట్లు, దూలాలు ఏవేవి తీయకూడదో లోపలి నుంచి మొదలుపెట్టి రాయాలి.